కయోటీల కోసం ఎర వేసి రాత్రి మాటు కాయడం: మేకల దొడ్డి ఉన్నవారికి తగిన పనేనా?

దొడ్డికాపరి:

పెద్దలందరికీ నమస్కారం. మేము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, లిటిల్ ఫాల్స్ పట్టణానికి తూర్పున 40 ఎకరాల పొలం కొనుక్కొని మేకలు పెంచుతున్నాము. ఇది మాకు నాలుగో చలికాలం. దొడ్డిలో ఇప్పుడు 60 తలలున్నాయి. వాటిలో 34 ఆడమేకలు ఫిబ్రవరి ఆఖరి వారం నుంచి ఈనబోతున్నాయి. గడచిన నవంబరులో పదిహేను రోజుల్లో మూడు పిల్లలు పోయాయి. రెండింటి ఆనవాలే దొరకలేదు. మూడోదాని గొంతు మీద పళ్ల గాట్లు కనిపించాయి. పొలానికి తూర్పు అంచున ఉన్న జమ్ము మడుగు వైపు నుంచి కయోటీల (మన నక్కను పోలిన ఇక్కడి అడవి జంతువుల) అరుపులు వినబడని రాత్రి లేదు.

మా పక్క పొలం వారు పాడి రైతులు, డెబ్భై ఏళ్ల పెద్దమనిషి. మేము వచ్చిన మొదటి ఏడాది నుంచి మాకు అన్ని విధాలా అండగా ఉన్నారు. ఆయన ఒక ఉపాయం చెప్పారు. తమ కొట్టంలో చనిపోయిన దూడలను మా మడుగు గట్టున వేయిస్తారట. కయోటీలు, నక్కలు రెండు వారాలపాటు తిని అలవాటు పడ్డాక, జనవరిలో రాత్రిపూట మాటు కాచి కొట్టమంటున్నారు. ఆయన తన యవ్వనంలో ఈ పని చాలా ఏళ్లు చేశారు. ఇప్పుడు చలికి కూర్చోలేక నాకు అప్పగించాలనుకుంటున్నారు.

నాకు గ్రీన్ కార్డు ఉంది, తుపాకీ భద్రత శిక్షణ పూర్తి చేసి ధ్రువపత్రం తీసుకున్నాను. .223 రైఫిల్ ఉంది, వేడిని చూపే థర్మల్ దుర్భిణిని ఒక స్నేహితుడు అరువిస్తానన్నాడు. అయితే ఇంతవరకు పగటిపూట లక్ష్యాల మీద కాల్చడమే తప్ప ప్రాణి మీద కాల్చలేదు. మా తాతగారు ప్రకాశం జిల్లాలో గొర్రెల మంద కాసేవారు. నక్కలు వస్తాయని రాత్రంతా నెగడు వేసుకొని, కర్ర పట్టుకొని మంద చుట్టూ తిరిగేవారే గాని ఒక్కదాన్నీ చంపిన మనిషి కాదు. అందువల్ల ఈ పని మొదలుపెట్టే ముందు పూర్తిగా తెలుసుకోవాలని ఉంది.

ఎరను ఎక్కడ వేయాలి, ఎంత దూరంలో కూర్చోవాలి, గాలిని ఎలా లెక్క వేసుకోవాలి, ఎర్ర నక్కలను కూడా కొట్టవచ్చా అన్నవి నా ప్రశ్నలు. చివరిగా మరొకటి, ఇది మా ఇంటావిడ అడిగిన ప్రశ్న: మాంసం వాసన చూపించి వాటిని మన పొలంలోకి మనమే పిలిచినట్టు కాదా?

మంచెమీద:

దొడ్డికాపరి గారూ, మీ ప్రశ్నలన్నిటిలోకి మీ ఇంటావిడ గారు అడిగినదే అసలు ప్రశ్న, కాబట్టి దానితోనే మొదలుపెడతాను. నేను ఈ రాష్ట్రంలోనే పదకొండు చలికాలాలుగా రాత్రి వేట చేస్తున్నాను. అందులో మొదటి రెండేళ్లు ఎరను తప్పు చోట వేసి, పక్కవారి కోళ్లకు నష్టం తెచ్చాను. ఆ నష్టపరిహారం చెల్లించినా ఆ ఇంటివారి ముఖం చూడటానికి నాకు చాలా కాలం పట్టింది.

40 ఎకరాల చదరపు పొలమంటే ఒక్కో పక్క సుమారు 440 గజాలు. మీ దొడ్డి పడమటి అంచున, మడుగు తూర్పు అంచున ఉన్నాయనుకున్నా ఎరకూ దొడ్డికీ నడుమ 400 గజాల కన్నా దూరం దొరకదు. అది కయోటీకి ఒక నిమిషం పరుగు కూడా కాదు. మిన్నెసోటాలో చలికాలపు గాలి ఎక్కువ రోజులు వాయవ్యం నుంచే వీస్తుంది. అంటే మీ మేకల వాసన నేరుగా ఆగ్నేయ దిశగా, మడుగు మీదికే పోతుంది. ఎర దగ్గరికి వచ్చిన ప్రతి కయోటీ ఆ వాసన పీలుస్తూ తింటుంది. రెండు వారాలు మీరు దానికి భోజనం పెట్టి, పొరుగున ఏమున్నదో కూడా చూపించి, ఈతల కాలం రాగానే భోజనం ఆపేస్తారు. ఆ తరువాత అది ఎటు వెళుతుందో మీరే ఊహించండి. కాబట్టి మీ పొలంలో ఎర వద్దు. ఆ పెద్దాయనకు మడుగు అవతల పొలం ఉంటే, మీ దొడ్డికి కనీసం అర మైలు దూరంలో, ఆయన రాతపూర్వక అనుమతితో అక్కడ ఏర్పాటు చేసుకోండి. అలాంటి చోటు దొరకకపోతే ఈ ఏడు ఎర ఆలోచన మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

చోటు దొరికిందనుకుంటే, మొదట చూడవలసింది గాలి కాదు, గుండు వెళ్లి ఆగే చోటు. గడ్డకట్టిన నేల మీద, మంచు పలక మీద గుండు తగిలి పైకి లేచి ఎటైనా పోవచ్చు. ఏమీ అడ్డం లేకపోతే .223 గుండు మైలుకు మించి ప్రయాణిస్తుంది. థర్మల్ దుర్భిణి జంతువు వేడిని చూపుతుందే గాని దూరాన్ని సరిగా చూపదు. జంతువు వెనుక ఉన్న కంచె తీగ, కొట్టం రేకు, దూరపు ఇంటి గోడ అందులో మీకు స్పష్టంగా కనబడతాయని నమ్మకండి. అందువల్ల ఎరకు వెనుక ఒక మట్టి గట్టో, కంకర తవ్విన గుంట గోడో ఉండేలా చోటు ఎంచుకొని, పగటి వెలుగులోనే కూర్చునే చోటి నుంచి చూసి, ఎటువైపు కాల్చవచ్చో ఎటు కాల్చకూడదో రెండు కర్రలు పాతి హద్దు పెట్టుకోండి. చీకట్లో ఆ కర్రల నడుమ లేనిది ఎంత పెద్ద కయోటీ అయినా మీకు లేనట్టే. కాస్త ఎత్తు మంచె మీద కూర్చొని కిందికి కాలిస్తే గుండు నేలలోకి దిగే అవకాశం పెరుగుతుంది. నా పేరు అలా పెట్టుకోవడానికి కారణం కూడా అదే.

ఇక గాలి. కయోటీ ఎర దగ్గరికి తిన్నగా రాదు. ముందు గాలివాటుకు వచ్చి, ఎర వాసనను, చుట్టుపక్కల మనిషి వాసనను పరీక్షించుకొని గాని అడుగు ముందుకు వేయదు. కాబట్టి మీరు కూర్చునే చోటు ఎరకు గాలి దిగువన, అంటే ఎర మీదుగా గాలి మీ వైపు వీచేలా, కొంచెం పక్కకు, 120 నుంచి 150 గజాల దూరంలో ఉండాలి. అది చుట్టి వచ్చే దారి మీ వెనుక కాకుండా మీ ముందు పడాలి. గాలి ఆగిపోయిన నిర్మలమైన రాత్రుల గురించి పుస్తకాల్లో తక్కువగా రాస్తారు గాని, మిన్నెసోటాలో గట్టి చలి పడేది ఆ రాత్రుల్లోనే. అప్పుడు చల్లగాలి నీళ్లలాగా ఎత్తు నుంచి పల్లానికి జారుతుంది. మీరు దిబ్బ మీద, ఎర మడుగు పక్కన పల్లంలో ఉంటే, ఆకు కదలకపోయినా మీ వాసన మెల్లగా దిగి మడుగులోకి చేరిపోతుంది. నాకు ఇది అర్థం కావడానికి మూడు చలికాలాలు పట్టింది. ఊపిరి ఆవిరి ఎటు పోతున్నదో గమనించడం గాలిమర చూడటం కన్నా నమ్మకం.

ఎర పడగానే మొదట కాకులు, గద్దలు పగటిపూట వచ్చి వాలతాయి. పక్షులు ధైర్యంగా తినడం చూసి నక్కలు, కయోటీలు ఆ చోటును నమ్ముతాయి. తొలి రాత్రుల్లో అవి 200 గజాల అవతలే తచ్చాడి వెళ్లిపోతాయి. ఒక వారం, ఒక్కోసారి రెండు వారాలు మీరు ఆ దరికి పోకూడదు. ఫోనుకు బొమ్మలు పంపే కెమెరా ఒకటి చెట్టుకు కట్టి, ఏ వేళకు వస్తున్నాయో చూడండి. కళేబరం మొత్తం వేస్తే ఒకటి రెండు రాత్రుల్లో ముక్కలు చేసి మోసుకుపోతాయి. దానికి బదులు మాంసం కొట్టు నుంచి తెచ్చిన కొవ్వు, తునకలు ఒక ఐదు గ్యాలన్ల బకెట్లో వేసి, నీళ్లు నింపి, బయటే గడ్డ కట్టనిచ్చి, ఆ మంచు దిమ్మను బోర్లించి పెట్టండి. మోసుకుపోవడానికి వీలుండదు, కొరికి కొరికి తినవలసి వస్తుంది. అది అక్కడే నిలబడి తింటున్న ఆ నిమిషాలే మీకు నిదానంగా చూసి, గుర్తుపట్టి, నిర్ణయించుకోవడానికి దొరికే సమయం.

గుర్తుపట్టడం అన్న మాట మీద నేను కొంచెం ఎక్కువ చెప్పాలి. మీ పొలానికి క్యాంప్ రిప్లీ అనే సైనిక శిక్షణ స్థలం దూరం కాదు, అక్కడ తోడేళ్ల గుంపులున్నాయి. ఈ రాష్ట్రంలో తోడేలుకు సమాఖ్య చట్టం కింద రక్షణ ఉంది, మనిషి ప్రాణం కాపాడుకోవడానికి తప్ప దాన్ని చంపకూడదు. కయోటీ 25 నుంచి 40 పౌండ్లు, తోడేలు 60 నుంచి 100 పౌండ్లు తూగుతాయని కాగితం మీద చదివితే తేడా సులువనిపిస్తుంది. థర్మల్ దుర్భిణిలో తెల్లటి ఆకారం కనబడినప్పుడు కొలత తెలియదు, దగ్గరున్న కయోటీకీ దూరంగా ఉన్న తోడేలుకూ కంటికి తేడా ఉండదు. నేను ఎర పక్కన ఒక గుంజ పాతి, దానికి 16, 24, 30 అంగుళాల ఎత్తున అడ్డపట్టీలు కొడతాను. భుజం మొదటి పట్టీ దగ్గర ఉంటే ఎర్ర నక్క, రెండో పట్టీ దగ్గర ఉంటే కయోటీ. మూడో పట్టీని అందుకునేలా ఉంటే వేలు ట్రిగ్గరు మీద నుంచి తీసేసి, తుపాకీ పక్కన పెట్టి, ఆ రాత్రికి ఇంటికి వచ్చేస్తాను. పొరుగువారి కుక్కకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మెడకు పట్టీ ఉన్నదీ లేనిదీ ఆ బొమ్మలో తెలియకపోవచ్చు. అనుమానం ఉన్నంతసేపు అది కుక్కే.

ఎర్ర నక్క గురించి అడిగారు. చట్టప్రకారం అక్టోబరు నడుమ నుంచి మార్చి నడుమ వరకు దానికి వేట కాలం ఉంది, చిన్న జంతువుల వేట లైసెన్సు కావాలి. కయోటీకి ఏడాది పొడవునా అనుమతి ఉంది. రెండిటికీ రాత్రి దీపం వాడుకోవడానికి మాత్రం జనవరి 1 నుంచి మార్చి 15 వరకే వీలు. అది కూడా కాలినడకన, రోడ్డు హద్దుకు బయట, వాహనానికి 200 అడుగుల అవతల ఉండి చేయాలి. దీపానికీ థర్మల్ దుర్భిణికీ తుపాకీ రకానికీ వేర్వేరు షరతులు ఉండవచ్చు, వాటిని సవరిస్తూ ఉంటారు కూడా. కాబట్టి ఆ ఏటి నియమావళి పుస్తకం చదివి, మీ ప్రాంతపు కన్సర్వేషన్ ఆఫీసరుకు ఒకసారి ఫోను చేసి అడగండి. నా మటుకు నేను నక్కలను కాల్చడం మానేశాను. ఎనిమిది నుంచి పదిహేను పౌండ్ల నక్క మీ ఎదిగిన మేకను ఏమీ చేయలేదు. ఈనిన రోజు పిల్లను ఎత్తుకుపోగలదు గాని, తలుపు మూసిన కొట్టం దానికి చాలు. పైగా కయోటీలు తిరిగే చోట ఎర్ర నక్క నిలవదు, దొరికితే చంపేస్తాయి గనుక తప్పించుకొని ఇళ్ల దరిని బతుకుతుంది. ఎర దగ్గరికి నక్కలు నిర్భయంగా వస్తున్నాయంటే ఆ చుట్టుపక్కల కయోటీలు పలచగా ఉన్నాయని నేను లెక్క వేసుకుంటాను.

ధర్మవరం మంద:

మంచెమీద గారి వివరణ శ్రద్ధగా చదివాను. ఇక్కడి మన పాఠకుల కోసం ఒక్క మాట చేర్చాలి. కయోటీ మన నక్కకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతివి. అమెరికా ఎర్ర నక్కది మన గుంటనక్క ప్రజాతి. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తరువాత మన నక్క, గుంటనక్క రెండూ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆంధ్రలోగాని తెలంగాణలోగాని ఎర వేసి, ఉచ్చు పెట్టి, తుపాకీతో వాటిని చంపడం జైలుకు పంపే నేరం. మా వైపు కొందరు మందను కాపాడుకుంటామని చచ్చిన గొర్రెలో త్రీజీ పురుగుమందు గుళికలు కలిపి పడేస్తారు. నా కళ్ల ముందే రెండు కాపలా కుక్కలు, మూడు గద్దలు అలా చచ్చాయి, నక్క మాత్రం చావలేదు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు.

పశువుల డాక్టరమ్మ:

నేను విస్కాన్సిన్‌లో పాడి పశువులకు వైద్యం చేస్తాను. వేట మంచిదా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఆ దూడల విషయంలో మాత్రం దొడ్డికాపరి గారు ఆగి ఆలోచించాలని గట్టిగా కోరుతున్నాను.

ఆ దూడలు ఎలా చనిపోయాయి? ఇది మర్యాద కోసం అడగకుండా వదిలే ప్రశ్న కాదు. కోలుకోని పశువును బాధ లేకుండా చంపడానికి మేము పెంటోబార్బిటాల్ అనే మందు ఎక్కిస్తాము. పశువు చనిపోయినా ఆ మందు చావదు. నెలల తరబడి మాంసంలోనే నిలిచి ఉంటుంది, చలికాలంలో కళేబరం గడ్డ కట్టి ఉంటే మరీను. అటువంటి కళేబరం తిన్న గద్దలు ఎగరలేక అక్కడే పడి చచ్చిపోతాయి, కుక్కలకూ అదే గతి పడుతుంది. బాల్డ్ ఈగిల్ గద్దలకు 1940 నుంచి, గోల్డెన్ ఈగిల్ గద్దలకు 1962 నుంచి సమాఖ్య చట్టం కింద ప్రత్యేక రక్షణ ఉంది. ఒక్క గద్ద చచ్చినా మీరు, ఆ పెద్దాయన, మందు ఎక్కించిన వైద్యులు అందరూ సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. మందు ఎక్కించిన పశువును లోతుగా పూడ్చాలి, లేదా కాల్చాలి. బయట మాత్రం వదలకూడదు.

రెండోది పాడి రైతుకే నష్టం చేసే విషయం. నెలలు నిండక ఈసుకుపోయిన పిండాలను, మాయను, చనిపోయి పుట్టిన దూడలను కయోటీలకు వేస్తే నియోస్పోరా అనే పరాన్నజీవి చక్రం పూర్తవుతుంది. అది కయోటీ పేగుల్లోనూ కుక్క పేగుల్లోనూ పెరిగి, వాటి మలం ద్వారా పచ్చికలోకి, దాణాలోకి చేరి, ఆవులు తిన్నాక మళ్లీ ఈసుకుపోవడానికి కారణమవుతుంది. మీకు ఇన్నేళ్లు సాయపడిన మనిషి మందకు మీ ఎర స్థలం నుంచి ఆ రోగం తిరిగి వెళ్లకూడదు కదా. పైగా చనిపోయిన పశువులను ఎలా తొలగించాలో మిన్నెసోటాలో పశు ఆరోగ్య మండలి నిబంధనలున్నాయి. దూడ కళేబరాన్ని పొలంలో పడేసి వేట కోసమే వేశానంటే సరిపోతుందో లేదో ముందే వారిని అడిగి తెలుసుకోండి. మంచెమీద గారు చెప్పిన మాంసం కొట్టు తునకలైతే ఈ రెండు చిక్కులూ చాలావరకు తప్పుతాయి. జింక మాంసం తునకలు మాత్రం వద్దు. సీసపు గుండు పొడి అందులో ఉండవచ్చు, జింకల్లో వ్యాపించే క్షీణ రోగపు ప్రయాన్లు (రోగం కలిగించే ప్రోటీన్లు) కూడా ఒక చోటి నుంచి మరో చోటికి చేరవచ్చు.

సీసం మాట వచ్చింది గనుక దాన్నీ ముగిస్తాను. 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 38 రాష్ట్రాల్లో 1,210 గద్దలను పరీక్షిస్తే, దాదాపు సగం గద్దల ఎముకల్లో దీర్ఘకాలిక సీసపు విషం కనిపించింది. చలికాలంలో ఆహారం దొరకక గద్దలు కళేబరాల మీద ఆధారపడతాయి. సీసపు గుండు తగిలిన జంతువు దేహంలో ఆవగింజ కన్నా చిన్న తునకలు చెల్లాచెదరవుతాయి. మీరు కాల్చిన కయోటీని ఎర దగ్గరే వదిలేస్తే మర్నాడు ఉదయం దాని మీద వాలేది గద్దే. సెయింట్ పాల్‌లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి రాప్టర్ సెంటర్‌కు ఇటువంటి గద్దలు ప్రతి చలికాలం వస్తాయి. మెడ నిలపలేక, రెక్కలు వేలాడేసి, పచ్చటి మలంతో వచ్చిన గద్దను నేను ఒకసారి చేతుల్లోకి తీసుకున్నాను, అది ఆ రాత్రి గడవలేదు. రాగి గుండు వాడండి, కొట్టినదాన్ని అక్కడ వదలకండి.

చర్మం ఒలవాలనుకుంటే చేతి తొడుగులు, ముఖానికి అడ్డం తప్పనిసరి. నక్కలు, కయోటీల పేగుల్లో ఎకినోకాకస్ అనే చిన్న బద్దెపురుగు ఉండవచ్చు. దాని గుడ్లు మామూలు ఫ్రీజరు చలికి చావవు. మనిషి లోపలికి పోతే కాలేయంలో ఏళ్ల తరబడి కంతిలాగా పెరుగుతుంది. వెంట్రుకలు రాలి, చర్మం బూడిద రంగులో మందమైన కయోటీ అయితే అది గజ్జి. మీ కుక్కలను దాని దరికి రానివ్వకండి.

కొత్తగా వచ్చాను:

నేను మినియాపోలిస్‌లో హెచ్1బీ వీసా మీద పని చేస్తున్నాను. దొడ్డికాపరి గారిలాంటి స్నేహితులొకరు ఒక రాత్రి తోడు కూర్చోమన్నారు. తుపాకీ నాది కాదు, ఆయనదే. కాసేపు చేతిలో పట్టుకున్నా చట్టపరమైన ఇబ్బంది ఉంటుందా?

మంచెమీద:

తమ్ముడూ, ఉంటుంది. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీగాని గుళ్లుగాని కలిగి ఉండకూడదని సమాఖ్య చట్టం చెబుతుంది. కలిగి ఉండటమంటే సొంతం కావడమే కాదు, చేతిలోకి తీసుకోవడం కూడా. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. 1979 డిసెంబరు 31 తరువాత పుట్టినవారికి మిన్నెసోటాలో లైసెన్సు కావాలంటే ముందు భద్రత శిక్షణ ధ్రువపత్రం ఉండాలి. అయినా నీ కాగితాలన్నీ ఒక వలస న్యాయవాదికి చూపించి, ఆయన సరేనన్న తరువాతే వెళ్లు. అంతవరకు దుర్భిణి చూస్తూ పక్కన కూర్చోవడానికి వెళ్లినా, తుపాకీ మాత్రం తాకవద్దు. ఒక్క రాత్రి సరదా కోసం నీ భవిష్యత్తును పణంగా పెట్టకు.

టెక్సాస్ గొర్రెలు:

మేము ఎడ్వర్డ్స్ పీఠభూమి ప్రాంతంలో గొర్రెలు, మేకలు పెంచుతాము. కయోటీలను కాల్చడం వల్ల నష్టం తగ్గుతుందా అంటే, సరైన జంటను సరైన వేళ తీస్తే కొంత కాలం తగ్గుతుంది. గూట్లో పిల్లలున్న జంట మేత కోసం మందల మీద ఎక్కువగా పడుతుంది. జనవరి నుంచి మార్చి వరకు జతకట్టే కాలం, పిల్లలు ఏప్రిల్, మే నెలల్లో పుడతాయి. కానీ ఖాళీ అయిన చోటును తిరుగుతున్న కుర్ర కయోటీలు కొన్ని వారాల్లోనే ఆక్రమించుకుంటాయి. మేకల జోలికి పోకుండా ఎలుకలు, కుందేళ్లతో బతుకుతున్న జంట మీ మడుగులో ఉంటే, దాన్ని చంపి తెలియని జంటకు చోటు ఇచ్చినట్టవుతుంది. అరిచే కయోటీయే మేకను తిన్న కయోటీ అని రుజువు లేదు.

కాపలాకు పైరినీస్ జాతి కుక్కలను పెంచుకోండి. అవి నమ్మకంగా మందను కాయడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది కాబట్టి ఈ ఫిబ్రవరికి అందిరావు. ఈ ఏటికి మేకలు ఈనేది కొట్టం లోపలే జరగాలి, చుట్టూ విద్యుత్ కంచె ఉండాలి. మాయ, చనిపోయిన పిల్ల ఒక్క గంట కూడా బయట ఉండకూడదు. అది మీరు తెలియకుండా వేస్తున్న ఎర, అదీ దొడ్డి గుమ్మంలోనే. కుక్కలు వచ్చాక ఎర వేట పూర్తిగా మానేయండి. 90 పౌండ్ల తెల్ల కుక్క థర్మల్ దుర్భిణిలో ఎలా కనబడుతుందో మంచెమీద గారు చెప్పనే చెప్పారు.

దొడ్డికాపరి:

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరమ్మ గారి మాట చదివి ఈ ఉదయమే పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నాలుగు దూడల్లో ఒకదానికి నవంబరులో వైద్యులు మందు ఎక్కించారని, అది ఏది అన్నది తనకే గుర్తు లేదని చెప్పారు. ఆయన నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను గాని, నియోస్పోరా గురించి చెప్పగానే కుర్చీలోంచి లేచి, గత రెండేళ్లలో తన కొట్టంలో ఎన్ని ఆవులు ఈసుకుపోయాయో పుస్తకం తీసి లెక్క చూశారు. ఆ దూడలన్నిటినీ తీసుకుపోవడానికి బండిని పిలిపించారు.

మడుగు అవతల ఆయనకు పాత కంకర గుంట ఉంది. మా దొడ్డికి సుమారు ముప్పాతిక మైలు. గుంటకు ఉత్తరాన నిలువు గోడ ఉంది, దక్షిణపు గట్టు మీద కూర్చుంటే గుండు ఆ గోడలోకే పోతుంది, వాయవ్యపు గాలికి వాసన నా వెనక్కే పోతుంది. ఫిబ్రవరి 10 కల్లా ఎర మొత్తం తీసి శుభ్రం చేయాలని నిశ్చయించుకున్నాను. ఇంకా ఒక్క సందేహం మిగిలింది. సున్నాకు దిగువన 25 డిగ్రీల చలిలో పరికరాల సంగతి ఏమిటి?

మంచెమీద:

చోటు బాగుంది. అయితే ఆకు కదలని రాత్రుల్లో మీరు గట్టు మీద, ఎర గుంట అడుగున అవుతారు. నేను చెప్పిన చల్లగాలి జారుడు గుర్తుపెట్టుకొని ఆ రాత్రులు వదిలేయండి. గాలి తూర్పు నుంచో దక్షిణం నుంచో వీచినా వెళ్లకండి. ఒకసారి మీ వాసన పట్టాయంటే ఆ చోటు ఆ నెలకు పాడైనట్టే. చీకటి పడక ముందే వెళ్లి కూర్చోండి, వారానికి రెండు రాత్రులకు మించవద్దు.

దుర్భిణి బ్యాటరీలు ఆ చలికి సగం కాలం కూడా రావు, అదనపువి చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకోండి. తుపాకీ బోల్టులో చమురు చిక్కబడి పిన్ను మందగిస్తుంది, అందువల్ల పాత చమురు తుడిచేసి దాదాపు పొడిగా ఉంచండి. తిరిగి వచ్చాక తుపాకీని సంచీలోంచి తీయకుండా, ముందు వసారాలో, తరువాత లోపల నిదానంగా వేడెక్కనివ్వండి. లేకపోతే చెమ్మ పట్టి మర్నాడు లోపలే గడ్డ కడుతుంది. వెళ్లే ముందు చుట్టుపక్కల ఇళ్లకు, షెరిఫ్ కార్యాలయానికి ఫలానా చోట తుపాకీ శబ్దం వినబడవచ్చని చెప్పండి. ఇంట్లో వారికి ఏ వేళకు తిరిగి వస్తారో రాసిపెట్టి వెళ్లండి.

మొదటి మూడు రాత్రులు తుపాకీ తీసుకెళ్లకండి. దుర్భిణి ఒక్కటే పట్టుకొని కూర్చొని, గుంజ మీది పట్టీల పక్కన ఏది వచ్చి నిలబడుతున్నదో చూడండి. నాలుగో రాత్రికి ఏది కయోటీ, ఏది నక్క, ఏది పెద్దాయన కుక్క అన్నది మీరే గుర్తుపట్టగలుగుతారు.